ఇనుముకు తేలిక, రాగికి బరువు: రేటింగ్ మించిన ఫ్రీక్వెన్సీలో ట్రాన్స్‌ఫార్మర్

వీధి చివర దిమ్మె మీద కనిపించే 11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ పుట్టినప్పటి నుంచి 50 హెర్ట్జ్ (కరెంట్ సెకనుకు 50 సైకిళ్లు తిరిగే ఫ్రీక్వెన్సీ) తప్ప మరొకటి ఎరగదని అనిపిస్తుంది. నిజానికి ఫ్యాక్టరీ గేటు దాటకముందే అది ఎక్కువ ఫ్రీక్వెన్సీలో నడిచి వస్తుంది. ఎల్‌టీ (తక్కువ వోల్టేజ్) వైపు 433 వోల్ట్లు ఉండాల్సిన చోట 866 వోల్ట్లు పెడతారు, హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజ్) వైపు ఏమీ కలపకుండా వదిలేస్తారు, ఫ్రీక్వెన్సీని 100 హెర్ట్జ్‌కు పెంచి ఒక నిమిషం ఉంచుతారు. టెస్టింగ్ విభాగంలో దీన్ని డీవీడీఎఫ్ టెస్ట్ అంటారు. డబుల్ వోల్టేజ్, డబుల్ ఫ్రీక్వెన్సీ అని అర్థం. వైండింగ్‌లో, అంటే రాగి తీగ చుట్లలో, ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య, ఒక పొరకూ పై పొరకూ మధ్య ఉన్న ఇన్సులేషన్ రెట్టింపు ఒత్తిడిని ఓర్చుకుంటుందా అన్నది ఇక్కడ తేలిపోతుంది.

ఇన్సులేషన్‌ను పరీక్షించడానికి వోల్టేజ్ పెంచితే చాలు కదా, ఫ్రీక్వెన్సీ జోలికి ఎందుకు వెళ్లాలి? 50 హెర్ట్జ్‌లోనే 866 వోల్ట్లు పెడితే ఇన్సులేషన్ సంగతి తేలేలోపే ఆ చుట్ల మధ్యనున్న ఇనుప కోర్ చేతులెత్తేస్తుంది. కరెంట్ అమాంతం ఎగసి టెస్ట్ సెట్ ట్రిప్ అవుతుంది. ఫ్రీక్వెన్సీని కూడా రెట్టింపు చేస్తే కోర్‌కు ఆ తేడా పట్టదు. రేటింగ్ మించిన ఫ్రీక్వెన్సీలో ట్రాన్స్‌ఫార్మర్ ఏమవుతుంది అన్న ప్రశ్నకు సగం జవాబు ఈ ఒక్క టెస్టులోనే ఉంది. రెండో సగం మాత్రం ఇందులో కనిపించదు. ఎందుకంటే ఈ టెస్టులో లోడ్ ఉండదు.

కుళాయి కింద బిందె

పాఠ్యపుస్తకాల్లో పౌనఃపున్యం అని రాసే ఈ ఫ్రీక్వెన్సీకి, వోల్టేజ్‌కి, కోర్‌లోని అయస్కాంత ఫ్లక్స్‌కి మధ్య సంబంధం ఒక్క సూత్రంలో ఇమిడిపోతుంది. వోల్టేజ్ = 4.44 × ఫ్రీక్వెన్సీ × చుట్ల సంఖ్య × కోర్ అడ్డుకోత వైశాల్యం × ఫ్లక్స్ సాంద్రత. ట్రాన్స్‌ఫార్మర్ తయారైపోయాక చుట్లూ మారవు, కోర్ వైశాల్యమూ మారదు. కాబట్టి ఫ్లక్స్ సాంద్రత ఎంత ఉండాలో వోల్టేజ్‌ను ఫ్రీక్వెన్సీతో భాగిస్తే వచ్చే అంకే తేలుస్తుంది.

కుళాయి కింద బిందె పెట్టినట్టు ఊహించుకుంటే ఇది ఇంకా సులువు. వోల్టేజ్ అంటే కుళాయి ధార. అర సైకిల్ అంటే ధార పడే సమయం. బిందెలో నీటి మట్టమే ఫ్లక్స్. 50 హెర్ట్జ్‌లో అర సైకిల్ 10 మిల్లీసెకన్లు ఉంటుంది, 60 హెర్ట్జ్‌లో 8.33 మిల్లీసెకన్లే. ధార అంతే ఉండి సమయం తగ్గితే మట్టం తక్కువే ఉంటుంది. సమయం సగమైనప్పుడు ధారను రెట్టింపు చేసినా మట్టం మామూలు గీత దాటదు. డీవీడీఎఫ్ టెస్టులో జరిగేది ఇదే. బిందె పొర్లడాన్ని సాచురేషన్ అంటారు. ట్రాన్స్‌ఫార్మర్లలో వాడే సీఆర్‌జీఓ సిలికాన్ స్టీల్‌కు ఆ అంచు 2 టెస్లాల (ఫ్లక్స్ సాంద్రతను కొలిచే యూనిట్) దగ్గర వస్తుంది. డిజైనర్లు మామూలుగా 1.6, 1.7 టెస్లాల దగ్గర నడుపుతారు. అంటే ఇనుము ధర, బరువు కలిసిరావాలని అంచుకు బాగా దగ్గరగానే పెట్టుకుంటారు. 50 హెర్ట్జ్‌లో వోల్టేజ్ రెట్టింపు చేయడమంటే 1.6 టెస్లాల కోర్‌ను 3.2 టెస్లాలు మోయమనడం. ఆ ఇనుము అంత మోయలేదు.

ఈ టెస్టు ఎంతసేపు చేయాలన్న నియమంలోనూ ఒక చక్కని లెక్క దాగి ఉంది. టెస్ట్ ఫ్రీక్వెన్సీ రేటెడ్ ఫ్రీక్వెన్సీకి రెండు రెట్ల వరకు ఉంటే 60 సెకన్లు. అంతకు మించితే 120ని రేటెడ్ ఫ్రీక్వెన్సీతో గుణించి టెస్ట్ ఫ్రీక్వెన్సీతో భాగించినన్ని సెకన్లు, అయితే 15కు తగ్గకూడదు. 100 హెర్ట్జ్‌లో 60 సెకన్లంటే 6000 సైకిళ్లు. 200 హెర్ట్జ్‌లో 30 సెకన్లన్నా 6000 సైకిళ్లే, 400 హెర్ట్జ్‌లో 15 సెకన్లన్నా అంతే. ఇన్సులేషన్ ఎన్ని సెకన్లు ఓర్చుకుంది అన్నదానికన్నా ఎన్నిసార్లు దెబ్బ తిన్నది అన్నదే ముఖ్యం అని ఈ నియమం చెబుతోంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీ అంటే ఇన్సులేషన్‌కు సెకనుకు ఎక్కువ దెబ్బలు. ఈ మాట తర్వాత మళ్లీ అవసరమవుతుంది.

ఇనుము ఎందుకు సంతోషిస్తుంది

కోర్‌లో వేడికి ప్రధాన కారణాలు రెండు. ఇనుము ప్రతి సైకిల్‌లో ఒకసారి అటు, ఒకసారి ఇటు అయస్కాంతీకరణ చెందడానికి ఖర్చయ్యేది హిస్టెరిసిస్ నష్టం. మారే ఫ్లక్స్ వల్ల ఇనుప రేకుల్లోనే సుళ్లలా తిరిగే కరెంట్ల వల్ల వచ్చేది ఎడ్డీ నష్టం. మొదటిది ఫ్రీక్వెన్సీతో నేరుగా పెరుగుతుంది, రెండోది ఫ్రీక్వెన్సీ వర్గంతో పెరుగుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి, ఫ్రీక్వెన్సీ పెరిగితే కోర్ కాలిపోతుందని తేల్చేస్తారు. ఆ తీర్పు తొందరపాటు. ఈ రెండు నష్టాలూ ఫ్లక్స్ సాంద్రత మీద కూడా ఆధారపడతాయి, దాదాపు దాని వర్గంతో మారతాయి. వోల్టేజ్ మార్చకుండా ఫ్రీక్వెన్సీ పెంచితే ఫ్లక్స్ అదే నిష్పత్తిలో పడిపోతుంది. కాబట్టి ఎడ్డీ నష్టం పెరుగుదల, తరుగుదల ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఉన్నచోటే ఉంటుంది. హిస్టెరిసిస్ నష్టం తగ్గుతుంది.

అంకెల్లో చూస్తే: 50 హెర్ట్జ్‌లో నో-లోడ్ లాస్ (లోడ్ లేకున్నా కోర్‌లో జరిగే నష్టం) 200 వాట్లు ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌లో ఈ రెండూ చెరి సగం అనుకుందాం. అదే వోల్టేజ్‌తో 60 హెర్ట్జ్‌కు కలిపితే ఫ్లక్స్ 83 శాతానికి దిగుతుంది. ఎడ్డీ నష్టం 100 వాట్ల దగ్గరే ఉంటుంది, హిస్టెరిసిస్ 83కు వస్తుంది, మొత్తం 183. అంచుకు దగ్గరగా నడిచే కోర్ అయితే ఇంకా ఎక్కువ తగ్గుతుంది, ఎందుకంటే ఆ ప్రాంతంలో ఫ్లక్స్ కొంచెం తగ్గినా నష్టం బాగా తగ్గుతుంది. కోర్‌ను అయస్కాంతీకరించడానికి లాగే మాగ్నెటైజింగ్ కరెంట్ పడిపోతుంది. స్విచ్ వేసిన క్షణంలో వచ్చే ఇన్‌రష్ కరెంట్ కూడా తగ్గుతుంది.

పవర్ ట్రాన్స్‌ఫార్మర్ల రక్షణలో దీనికి మంచి సాక్ష్యం ఉంది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లకు ఓవర్‌ఫ్లక్సింగ్ రిలే పెడతారు. ప్యానెల్ డ్రాయింగుల్లో దాని నంబరు 24. వోల్టేజ్‌ను ఫ్రీక్వెన్సీతో భాగించి, ఆ నిష్పత్తి హద్దు మీరితే అది ట్రిప్ చేస్తుంది. వోల్టేజ్ ఎక్కువై ఫ్రీక్వెన్సీ తక్కువైతే ప్రమాదం. నిష్పత్తి తగ్గిపోయినందుకు ట్రాన్స్‌ఫార్మర్‌ను కాపాడాలని పెట్టే రిలే మాత్రం లేదు. దక్షిణాది గ్రిడ్ విడిగా నడిచిన రోజుల్లో విద్యుత్ కొరత వల్ల ఫ్రీక్వెన్సీ 48 దరిదాపులకు పడిపోవడం ఇంజినీర్లకు నిత్యం ఎదురయ్యే టెన్షన్. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైను ద్వారా ఈ గ్రిడ్ మిగతా దేశంతో ఒకే లయలో కలిసింది. ఇప్పుడు గ్రిడ్ కోడ్ ప్రకారం 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య ఉండాలి. ఫ్రీక్వెన్సీ ఒక్కోసారి 50.2కు వెళ్లినా ట్రాన్స్‌ఫార్మర్‌కు అది అర శాతం కూడా కాదు. గ్రిడ్‌లో ఉన్నంతవరకు ఎక్కువ ఫ్రీక్వెన్సీ అన్నది ట్రాన్స్‌ఫార్మర్ సమస్య కాదనే చెప్పాలి.

సమస్య ఒక దేశానికి చేసిన సరుకు మరో దేశానికి వెళ్లినప్పుడు మొదలవుతుంది. తెలుగువాళ్ల ఇళ్లలో ఇది బాగా ఎరిగిన విషయమే. అమెరికాలో 60 హెర్ట్జ్. గల్ఫ్‌లో కువైట్, బహ్రెయిన్, ఖతర్, యూఏఈ, ఒమన్ దేశాల్లో 50 హెర్ట్జ్ అయితే సౌదీలో మాత్రం 60. అందుకే సౌదీని మిగతా గల్ఫ్ గ్రిడ్‌తో నేరుగా కలపలేక అల్ ఫధిలి దగ్గర 1800 మెగావాట్ల కన్వర్టర్ స్టేషన్ కట్టారు. ఏసీని డీసీ చేసి మళ్లీ వేరే ఫ్రీక్వెన్సీ ఏసీగా మార్చడమే దాని పని. హైదరాబాద్‌లో కొన్న 230 వోల్ట్ల స్టెబిలైజర్‌ను రియాద్‌లో పెడితే దాని కోర్ మునుపటికన్నా చల్లగా పనిచేస్తుంది. అదే సౌదీలో 60 హెర్ట్జ్‌కు మాత్రమే చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇక్కడికి తెచ్చి అదే వోల్టేజ్‌కు కలిపితే ఫ్లక్స్ 20 శాతం పెరుగుతుంది. 1.6 టెస్లాల కోర్ 1.92కి చేరుతుంది. అది గట్టిగా మోగుతుంది, ఖాళీగా ఉన్నా వేడెక్కుతుంది. నేమ్ ప్లేట్ మీద 50/60 అని ఉంటే భయం లేదు. దాన్ని 50కి సరిపడా ఇనుముతో చేశారని అర్థం.

అమెరికాకు వెట్ గ్రైండర్ తీసుకెళ్లేవాళ్లు 120 వోల్ట్లను 230 చేసే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ కొంటారు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఏ తేడా లేకుండా పనిచేస్తుంది, అయినా గ్రైండర్ మునుపటిలా నడవదు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్‌ను మారుస్తుంది, ఫ్రీక్వెన్సీని ముట్టుకోదు. ఇండక్షన్ మోటారు 60 హెర్ట్జ్‌లో 20 శాతం వేగంగా తిరగాలని చూస్తుంది. మోటారు లోపల కూడా అదే బిందె లెక్క. ఫ్లక్స్ 83 శాతానికి పడిపోతుంది, అది లాగగలిగే గరిష్ఠ బలం దాని వర్గం, అంటే 69 శాతం దగ్గరికి వస్తుంది. నానిన మినప్పప్పు నిండుగా వేస్తే రాయి తిరగడానికి మొరాయించేది ఇందుకే. మిక్సీకి ఈ బాధ లేదు. అందులో ఉండేది బ్రష్‌లున్న యూనివర్సల్ మోటారు, దానికి ఫ్రీక్వెన్సీతో పెద్దగా పని లేదు.

రాగి దగ్గర లెక్క తిరగబడుతుంది

ఇక్కడిదాకా చెప్పినది విని, ఫ్రీక్వెన్సీ ఎంత పెరిగితే అంత మంచిదని అనుకోవడం పెద్ద పొరపాటు. కోర్ వోల్టేజ్‌ను చూసి స్పందిస్తుంది, వైండింగ్ కరెంట్‌ను చూసి స్పందిస్తుంది. ఫ్రీక్వెన్సీ పెరిగినప్పుడు లోడ్ కరెంట్ తగ్గదు. అందుకే ఇనుముకు దొరికిన ఊరట రాగికి దొరకదు.

మొదటి దెబ్బ లీకేజ్ రియాక్టెన్స్‌ది. ప్రైమరీ (కరెంట్ అందుకునే వైండింగ్) ఫ్లక్స్ మొత్తం సెకండరీని (లోడ్‌కు కరెంట్ ఇచ్చే వైండింగ్‌ను) చేరదు, కొంత రెండు వైండింగ్‌ల మధ్య ఖాళీలో తప్పించుకుంటుంది. ఆ భాగం కరెంట్‌కు అడ్డుగా నిలుస్తుంది, ఆ అడ్డు ఫ్రీక్వెన్సీతో నేరుగా పెరుగుతుంది. మొదట చెప్పిన వీధి ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం 100 కేవీఏ, దాని ఇంపెడెన్స్ (కరెంట్‌కు మొత్తం అడ్డు) 4.5 శాతం అనుకుందాం. అందులో రెసిస్టెన్స్ 1.7 శాతం అనుకుంటే రియాక్టెన్స్ సుమారు 4.2 శాతం అవుతుంది (ఈ రెండూ లంబంగా కలుస్తాయి, మామూలుగా కూడకూడదు). 0.8 పవర్ ఫ్యాక్టర్‌తో నిండు లోడ్ పెడితే 50 హెర్ట్జ్‌లో వోల్టేజ్ 4 శాతం దాకా పడుతుంది. 60 హెర్ట్జ్‌లో అది 4.4 శాతం. ఎవరూ గమనించనంత తేడా. 400 హెర్ట్జ్‌లో రియాక్టెన్స్ ఎనిమిది రెట్లై 33 శాతం దాటుతుంది, వోల్టేజ్ 20 శాతానికి పైగా కూలిపోతుంది. కోర్ ఎంత చల్లగా ఉన్నా ఆ ట్రాన్స్‌ఫార్మర్ చివర ఉన్న లోడ్‌కు పనికొచ్చే వోల్టేజ్ అందదు.

రెండో దెబ్బ వేడిది. ఎక్కువ ఫ్రీక్వెన్సీలో కరెంట్ తీగ మధ్యలో పారడం మానేసి పైపొరకు చేరుతుంది. రాగిలో ఆ పొర మందం 50 హెర్ట్జ్‌లో సుమారు 9.3 మిల్లీమీటర్లు, 60లో 8.5, 400లో 3.3. దీన్ని స్కిన్ ఎఫెక్ట్ అంటారు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో తీగ సన్నం కాబట్టి 60 హెర్ట్జ్‌లో దీని ప్రభావం లెక్కలోకి రాదు. ట్రాన్స్‌ఫార్మర్లలో అసలు ఇబ్బంది పక్క చుట్ల నుంచి వస్తుంది. ఇరుగుపొరుగు చుట్ల కరెంట్ల వల్ల పుట్టిన లీకేజ్ ఫ్లక్స్ ప్రతి తీగలోనూ సుడి కరెంట్లను రేపుతుంది. ఆ నష్టం ఫ్రీక్వెన్సీ వర్గంతో పెరుగుతుంది, తగ్గించడానికి ఫ్లక్స్ పడిపోవడం లాంటి ఉపశమనం ఏదీ లేదు. వైండింగ్ లాస్‌లో 5 శాతం ఈ సుడి కరెంట్లదని అనుకుంటే, 60 హెర్ట్జ్‌లో అది 7.2 అవుతుంది, మొత్తం 102.2. ఫర్వాలేదు. 400 హెర్ట్జ్‌లో అదే 5 శాతం 64 రెట్లై 320కి చేరుతుంది, మొత్తం 415. అదే కరెంట్‌కు నాలుగు రెట్లకు పైగా వేడి. వేడి హద్దు మీరకూడదంటే లోడ్‌ను సగానికి దించాలి. ట్యాంక్ గోడల్లో, క్లాంపుల్లో, బోల్టుల్లో పుట్టే స్ట్రే నష్టం కూడా పెరుగుతుంది, కానీ దాని పెరుగుదల ఫ్రీక్వెన్సీ వర్గమంత వేగంగా ఉండదు.

అందుకే 400 హెర్ట్జ్ కోసం చేసే ట్రాన్స్‌ఫార్మర్ మొదటి నుంచీ వేరే పద్ధతిలో పుడుతుంది. విమానాల్లో 115 వోల్ట్లు, 400 హెర్ట్జ్ వాడేది బరువు తగ్గించడానికి. ఫ్రీక్వెన్సీ ఎనిమిది రెట్లైతే అదే వోల్టేజ్‌కు కావలసిన ఇనుము బాగా తగ్గుతుంది. దానికోసం రేకు మందాన్ని 0.27 మిల్లీమీటర్ల నుంచి 0.1, 0.15 మిల్లీమీటర్లకు దించుతారు, వైండింగ్ పొరలను తగ్గించి లీకేజ్‌ను కట్టడి చేస్తారు. బోయింగ్ 787లో ఫ్రీక్వెన్సీ ఇంజిన్ వేగాన్ని బట్టి 360 నుంచి 800 హెర్ట్జ్ మధ్య మారుతూ ఉంటుంది. అక్కడ డిజైనర్ ఇనుమును 360 దగ్గర లెక్కగట్టాలి, రాగిని 800 దగ్గర లెక్కగట్టాలి. ఈ వ్యాసం మొత్తానికి అంతకన్నా చక్కని ఉదాహరణ దొరకదు.

తెలియకుండానే 250 హెర్ట్జ్‌లో

50 హెర్ట్జ్ ట్రాన్స్‌ఫార్మర్‌ను కావాలని 400 హెర్ట్జ్‌కు కలిపేవాళ్లు అరుదు. తెలియకుండా ఎక్కువ ఫ్రీక్వెన్సీలో నడిపేవాళ్లు మాత్రం వేలల్లో ఉంటారు. వేరియబుల్ స్పీడ్ డ్రైవ్‌లు, యూపీఎస్‌లు, ఎల్‌ఈడీ లైట్లు, వాహనాల చార్జర్లు లాగే కరెంట్ శుద్ధమైన 50 హెర్ట్జ్ కాదు. అందులో 250, 350, 550, 650 హెర్ట్జ్ భాగాలు కలిసి ఉంటాయి. వీటినే హార్మోనిక్స్ అంటారు. వైండింగ్ దృష్టిలో 250 హెర్ట్జ్ కరెంట్ అంటే ట్రాన్స్‌ఫార్మర్ ఆ మేరకు రేటింగ్‌కు అయిదు రెట్ల ఫ్రీక్వెన్సీలో నడుస్తున్నట్టే.

ఇక్కడ ఒక లెక్క చేసి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఏసీని డీసీ చేసే మూడు ఫేజుల మామూలు రెక్టిఫైయర్‌లో 5వ హార్మోనిక్ (250 హెర్ట్జ్) మూల కరెంట్‌లో, అంటే 50 హెర్ట్జ్ భాగంలో, అయిదో వంతు, 7వది ఏడో వంతు, 11వది పదకొండో వంతు, ఇలా తగ్గుతూ పోతాయి. చూడ్డానికి చిన్నవే. సుడి కరెంట్ల నష్టం కరెంట్ వర్గంతో, ఫ్రీక్వెన్సీ వర్గంతో పెరుగుతుంది కాబట్టి 5వ హార్మోనిక్‌కు అయిదో వంతు వర్గాన్ని అయిదు వర్గంతో గుణిస్తే సరిగ్గా 1 వస్తుంది. 7వదానికీ 1, 11వదానికీ 1. అంటే ప్రతి హార్మోనిక్ ఒక్కటీ మూల కరెంట్ పుట్టించినంత సుడి నష్టాన్ని మళ్లీ పుట్టిస్తుంది. 13 వరకు లెక్కేస్తే ఆ నష్టం అయిదు రెట్లు. ఆమ్‌మీటర్‌లో మొత్తం కరెంట్ 4 శాతం కూడా పెరగదు. ఆదర్శ స్థితిలో లెక్క ఇది, నిజంలో వైరింగ్, లైన్ ఇండక్టెన్స్ వల్ల పై హార్మోనిక్స్ కొంత తగ్గుతాయి. అయినా మీటరు రీడింగ్ నిబ్బరంగా ఉన్నా ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు మరిగిపోతోందో అర్థంకాక తల పట్టుకున్న మెయింటెనెన్స్ సిబ్బందికి ఈ లెక్క తెలిసి ఉండాలి. ఇలాంటి లోడ్ల కోసమే కే-ఫ్యాక్టర్ ట్రాన్స్‌ఫార్మర్లు చేస్తారు. మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే లోడ్ తగ్గించుకోవాలి. సర్వర్ గదులు, ఆఫీసు టవర్లు, చార్జింగ్ స్టేషన్లు పెరుగుతున్న హైదరాబాద్, విశాఖ లాంటి ఊళ్లలో ఇది ఇప్పుడే పట్టించుకోవాల్సిన విషయం.

వోల్టేజ్‌ను కూడా పెంచితే

ఫ్రీక్వెన్సీ పెరిగితే బిందెలో మట్టం తగ్గింది కదా, ఆ ఖాళీని వాడుకుని వోల్టేజ్ పెంచవచ్చా? కొంతవరకు పెంచవచ్చు. మోటార్ల నేమ్ ప్లేట్ మీద 400 వోల్ట్లు 50 హెర్ట్జ్, 480 వోల్ట్లు 60 హెర్ట్జ్ అని రెండూ పక్కపక్కనే కనిపించడం ఇందువల్లే. 400ని 50తో భాగించినా 8, 480ని 60తో భాగించినా 8. ఇనుముకు రెండూ ఒక్కటే. కరెంట్ అంతే ఉండి వోల్టేజ్ 20 శాతం పెరిగింది కాబట్టి కేవీఏ కూడా 20 శాతం పెరిగినట్టు కనిపిస్తుంది.

ఈ దారిలో వెళితే మాత్రం కోర్ నష్టం తగ్గడం ఆగిపోయి పెరగడం మొదలవుతుంది. ఫ్లక్స్ మారనప్పుడు హిస్టెరిసిస్ 1.2 రెట్లు, ఎడ్డీ 1.44 రెట్లు అవుతాయి. ముందు చెప్పిన 200 వాట్ల కోర్ 264 వాట్లు తింటుంది. ఎక్కువ వేడిని బయటకు పంపడానికి ట్యాంక్ పెద్దదవలేదు. అంతకన్నా ముఖ్యం, 11 కేవీకి చేసిన వైండింగ్‌ను 13.2 కేవీలో పెట్టడం. ఫ్యాక్టరీలో రెట్టింపు వోల్టేజ్ ఓర్చుకున్నది 6000 సైకిళ్లు మాత్రమే. రోజూ, సెకనుకు 60 సార్లు, ఏళ్ల తరబడి 20 శాతం ఎక్కువ ఒత్తిడి మోయడం దానికి పూర్తిగా వేరే పరీక్ష. బుషింగులు, సర్జ్ అరెస్టర్లు, ట్యాప్ చేంజర్ అన్నీ పాత వోల్టేజ్‌కే ఎంచినవి. 400 హెర్ట్జ్‌లో ఇదే పని చేయబోతే కోర్ నష్టం హిస్టెరిసిస్ 8 రెట్లు, ఎడ్డీ 64 రెట్లై 200 వాట్ల నుంచి 7 కిలోవాట్లు దాటుతుంది. వోల్టేజ్ పెంచి లాభపడదామనే ఆలోచన 60 హెర్ట్జ్ దగ్గర కాస్త చర్చకు నిలుస్తుంది, ఆపైన నిలవదు.

వోల్టేజ్, ఫ్రీక్వెన్సీ కలిసి పెరిగే సందర్భం జలవిద్యుత్ కేంద్రాల్లో దానంతట అదే వస్తుంది. శ్రీశైలం, నాగార్జునసాగర్ లాంటి చోట్ల నిండు లోడ్ మీద ఉన్న యూనిట్‌కు గ్రిడ్ వైపు బ్రేకర్ ఒక్కసారిగా తెరుచుకుందనుకుందాం. నీటి ధారను క్షణంలో ఆపలేరు. టర్బైన్‌కు నీటిని వదిలే గైడ్ వేన్లు నెమ్మదిగా మూసుకునేలోపు ఇలాంటి యూనిట్లలో వేగం 30 నుంచి 50 శాతం దాకా పెరగవచ్చు. జనరేటర్‌కు కట్టి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ఆ కాసేపు 65 నుంచి 75 హెర్ట్జ్ దాకా ఉంటుంది. ఏవీఆర్ (జనరేటర్ వోల్టేజ్‌ను దానంతట అదే సరిచేసే పరికరం) సరిగా పనిచేసి వోల్టేజ్‌ను పట్టి ఉంచితే ఫ్లక్స్ తగ్గుతుంది, ఏ బాధా లేదు. ఏవీఆర్ మాన్యువల్‌లో ఉండి ఫీల్డ్ కరెంట్ మారకపోతే వోల్టేజ్ కూడా వేగంతో పాటు ఎక్కుతుంది. నిష్పత్తి మారదు కాబట్టి 24 నంబరు రిలే కదలదు. అప్పుడు ఇన్సులేషన్‌ను కాపాడాల్సింది ఓవర్‌వోల్టేజ్ రిలే. ఒకే ఘటనలో ఇనుముకు ఒక కాపలా, ఇన్సులేషన్‌కు మరో కాపలా ఎందుకు కావాలో ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

దీన్నే పద్ధతిగా, కావాలని వాడుకునేది యూరప్ రైళ్లు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ రైల్వే తీగల్లో 15 కేవీ, 16.7 హెర్ట్జ్. ఫ్రాన్స్ కొత్త మార్గాల్లో మన రైల్వేలాగే 25 కేవీ, 50 హెర్ట్జ్. సరిహద్దు దాటే లోకోమోటివ్‌కు రెండూ కావాలి. 15,000ను 16.7తో భాగిస్తే 898, 25,000ను 50తో భాగిస్తే 500. ఒకే ప్రైమరీ వైండింగ్ రెండు చోట్లా వాడితే 50 హెర్ట్జ్ కింద ఫ్లక్స్ 56 శాతమే. ఇనుమును 16.7 కోసం కొలిచి, ఇన్సులేషన్‌ను 25 కేవీ కోసం కొలిచి, రాగినీ రియాక్టెన్స్‌నూ 50 హెర్ట్జ్ దగ్గర సరిచూస్తే ఆ ట్రాన్స్‌ఫార్మర్ రెండు దేశాల్లోనూ నడుస్తుంది. 50 హెర్ట్జ్‌కు మాత్రమే చేసినది 16.7 వైపు వెళ్లలేదు, ఫ్లక్స్ దాదాపు 1.8 రెట్లవుతుంది.

ట్యాంక్ బయట ఉన్న సంగతి

50 హెర్ట్జ్ పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ను అదే వోల్టేజ్‌తో 60 హెర్ట్జ్ వ్యవస్థలో పెట్టాలనుకునేవాళ్లు కోర్, వైండింగ్ లెక్కలన్నీ చూసి సరేననుకున్నాక కూడా ఒకటి మిగిలిపోతుంది. ఇంపెడెన్స్ 20 శాతం దాకా పెరిగింది కాబట్టి షార్ట్ సర్క్యూట్ కరెంట్ తగ్గుతుంది. రిలే సెట్టింగులు మళ్లీ లెక్కగట్టాలి. పాత ట్రాన్స్‌ఫార్మర్ పక్కన దీన్ని ప్యారలల్‌గా పెడితే ఎక్కువ ఇంపెడెన్స్ ఉన్న ఇది తన వాటా కన్నా తక్కువ లోడ్ తీసుకుంటుంది, మిగతాది పక్కదాని మీద పడుతుంది. మోత కూడా మారుతుంది. ఇనుప రేకులు సైకిల్‌కు రెండుసార్లు సాగి ముడుచుకోవడం వల్ల వచ్చే గుయ్యిమనే శబ్దం 100 హెర్ట్జ్ నుంచి 120కి వెళుతుంది. ఫ్లక్స్ తగ్గడం వల్ల సాధారణంగా మోత తగ్గాలి, ట్యాంక్‌లో ఏదైనా భాగం సరిగ్గా 120 దగ్గర అదిరే గుణం ఉన్నదైతే మాత్రం పెరుగుతుంది.

ఎక్కువమంది మరిచిపోయేది కూలింగ్ ఫ్యాన్లు, ఆయిల్ పంపులు. అవి ట్రాన్స్‌ఫార్మర్‌కు బయట తగిలించిన మామూలు ఇండక్షన్ మోటార్లు. 60 హెర్ట్జ్‌లో 20 శాతం వేగంగా తిరుగుతాయి, గాలి 20 శాతం ఎక్కువ వస్తుంది. ఫ్యాన్‌కు కావలసిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది కాబట్టి 1.73 రెట్లు అడుగుతుంది. మోటారు లాగగలిగే గరిష్ఠ బలమేమో 69 శాతానికి తగ్గి ఉంటుంది. ఓవర్‌లోడ్ రిలే పడిపోతుంది, లేదా మోటారు కాలిపోతుంది. ఫ్యాన్లు ఆగితే నేమ్ ప్లేట్ మీద ఫ్యాన్లతో కలిపి రాసిన పెద్ద ఎంవీఏ రేటింగ్ ఇక దొరకదు, ఫ్యాన్లు లేకుండా ఇచ్చిన చిన్న అంకె మాత్రమే మిగులుతుంది. కాబట్టి ఆర్డర్ రాసేటప్పుడు కోర్ గురించి అడిగే ముందే ఫ్యాన్ మోటార్లను, పంపు మోటార్లను 60 హెర్ట్జ్‌వి మార్చి ఇవ్వమని, ట్యాప్ చేంజర్ మోటారును సరిచూడమని, పెరిగిన ఇంపెడెన్స్ విలువను కొత్త నేమ్ ప్లేట్ మీద చెక్కించమని స్పష్టంగా రాయాలి.